ప్రతిసారీ అదే తేదీకి ఎందుకు కూలుతుంది? మాడ్లు వేసిన చారిత్రక వ్యూహ క్రీడల్లో క్రాష్‌ల మూలాలు

సంక్షిప్తంగా: మాడ్లు (ఆటను మార్చడానికి అభిమానులు రాసే అదనపు ఫైళ్లు) వేసుకున్న ఆట పదే పదే క్రాష్ అవుతున్నప్పుడు, అంటే ఉన్నట్టుండి మూసుకుపోతున్నప్పుడు, అది ఏ తెర మీద ఆగిందన్నదాని కంటే ఏ వేళకు ఆగిందన్నది ఎక్కువ సమాచారం ఇస్తుంది. లోడింగ్‌లో ఆగడం, ఒక విండో తెరవగానే ఆగడం, ఒకే తేదీకి ఆగడం, గంటో రెండు గంటలో ఆడాక ఆగడం అనే నాలుగు రకాలకూ మూలాలు వేర్వేరు చోట్ల ఉంటాయి. మధ్యయుగ రాజ్యాలను ఏలే క్రూసేడర్ కింగ్స్ 3 ఆటను, అందులో కాకతీయుల కాలానికి సంబంధించిన మాడ్లను ఉదాహరణగా తీసుకొని ఆ మూలాలను, వాటిని పట్టుకునే క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కాకతీయుల ఆటకు ఇన్ని మాడ్లు ఎందుకు

ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి కళ్లముందు ఉండే ప్రాంతంలో మధ్యయుగ రాజ్యాల ఆట తెరిచినవారికి కాకతీయ వంశంతోనే ఆడాలనిపించడం సహజం. మూల ఆట అందుకు ఇచ్చే వీలు పరిమితం. 2020 సెప్టెంబరులో విడుదలైన క్రూసేడర్ కింగ్స్ 3లో మొదట ఉన్న ప్రారంభ సంవత్సరాలు 867, 1066. 2024 సెప్టెంబరులో వచ్చిన విస్తరణతో 1178 చేరింది. 1066 నాటికి కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులుగా అనుమకొండ నుంచి ఏలుతున్నారు. 1178 నాటికి రుద్రదేవుడు స్వతంత్ర ప్రభువు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనాన్ని ఆ స్వాతంత్య్రానికి ఆధారంగా చూపుతారు. గణపతిదేవుడి పాలన 1199లో, రుద్రమదేవి పాలన 1262లో, ప్రతాపరుద్రుడి పాలన 1289లో మొదలయ్యాయి కాబట్టి, వంశ వైభవమంతా ఆట ఇచ్చిన మూడు తేదీల తర్వాతే ఉంది.

ఈ లోటును మాడ్లు పూరిస్తాయి. ఒక మాడ్ కొత్త ప్రారంభ తేదీని చేరుస్తుంది, ఇంకొకటి దక్కన్ పటాన్ని చిన్న చిన్న సీమలుగా విడగొడుతుంది, మరొకటి వంశవృక్షాన్ని సరిచేస్తుంది, వేరొకటి వారసత్వ చట్టాలను మార్చి కూతురికి సింహాసనం దక్కే మార్గం చూపుతుంది. వీటికి తోడు వస్త్రాలు, నగలు, ముఖచిత్రాలు, విండోల రూపం మార్చే మాడ్లు ఉండనే ఉంటాయి. విడివిడిగా చూస్తే ప్రతిదీ సక్రమంగానే ఉండవచ్చు. అయితే ఒకే ప్రాంతం, ఒకే కాలం మీద పనిచేసే మాడ్లన్నీ చివరకు అవే కొన్ని ఫైళ్లను ముట్టుకుంటాయి. యూరప్‌లో ఒక మూల, ఆఫ్రికాలో ఒక మూల మార్చే రెండు మాడ్ల కంటే, గోదావరికి కృష్ణకు నడుమ ఉన్న నేలనే మార్చే రెండు మాడ్లు తగువుపడే అవకాశం ఎక్కువ.

ఆట మాడ్లను చదివే తీరు

ఆట మొదలయ్యేటప్పుడు ముందు తన సొంత ఫైళ్లను, ఆ తర్వాత ప్లేసెట్‌లో (ఆటగాడు ఎంచుకున్న మాడ్ల జాబితాలో) పేర్చిన వరుసలో మాడ్ల ఫైళ్లను చదువుతుంది. రెండు మాడ్లలో ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఫైలు ఉంటే, వరుసలో తర్వాత ఉన్న మాడ్ ఫైలే పూర్తిగా నిలుస్తుంది. ముందు మాడ్ ఫైలులో ఒక్క వాక్యం కూడా మిగలదు. ఫైళ్ల పేర్లు వేరై, లోపల ఉన్న అంశం పేరు ఒకటే అయితే సాధారణంగా చివర చదివిన అంశం నిలుస్తుంది. విండోల రూపాన్ని నిర్ణయించే ఫైళ్లలోని కొన్ని నిర్వచనాల విషయంలో మాత్రం ఇది తిరగబడి, మొదట చదివినదే చెల్లుతుంది. లోడ్ ఆర్డర్‌ను, అంటే ఆ వరుసను, పైకీ కిందికీ జరిపితే ఒక సమస్య పోయి ఇంకొకటి రావడానికి కారణం చాలాసార్లు ఇదే.

పటానికి సంబంధించిన ఫైళ్లు ఇంకా సున్నితమైనవి. పటంలో ప్రతి ప్రాంతానికీ ఒక రంగు ఉంటుంది. ఏ రంగు ఏ సంఖ్య గల ప్రాంతమో చెప్పే పట్టిక వేరే ఫైలులో ఉంటుంది. ఆ సంఖ్యలు మధ్యలో ఖాళీలు లేకుండా వరుసగా ఉండాలి. ఒక మాడ్ నుంచి పటం బొమ్మ, ఇంకో మాడ్ నుంచి పట్టిక వచ్చి కలిస్తే, బొమ్మలో ఉన్న రంగు పట్టికలో కనిపించదు. లేదా ఓరుగల్లుకు రాజధానిగా ఒక మాడ్ చూపిన సంఖ్య, రెండో మాడ్ పట్టికలో గోదావరికి అవతల మరెక్కడో ఉన్న ప్రాంతానిదై ఉంటుంది. కథనంలో ఒక సంఘటన తప్పుగా రాసి ఉంటే ఆట దాన్ని లాగ్‌లో (తప్పులను రాసుకునే ఫైలులో) నమోదు చేసి ముందుకు సాగిపోగలదు. కాళ్ల కింద నేల లేకపోతే సాగలేదు.

ఇక్కడ ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూడవచ్చు. 1262తో మొదలయ్యే ఒక మాడ్‌లో పాత్రల చరిత్ర ఫైలు ఉందనుకుందాం. గణపతిదేవుడి వివరాలు ఒక జత మీసాల బ్రాకెట్ల మధ్య, ఆ తర్వాత రుద్రమదేవివి, ఆపై ప్రతాపరుద్రుడివి ఉంటాయి. గణపతిదేవుడి వివరాల చివర మూసే బ్రాకెట్ ఒకటి జారిపోతే, ఆట దృష్టిలో ఆయన వివరాలు ఇంకా ముగియలేదు. రుద్రమదేవి వివరాలు ఆయన లోపలి భాగంగా మారతాయి. అంటే ఆమె విడి పాత్రగా ఉండదు. బ్రాకెట్ల లెక్క తప్పిందని ఆటకు తెలిసేది ఫైలు చివరికి చేరాకే కాబట్టి, అది లాగ్‌లో రాసే పంక్తి సంఖ్య కూడా చివరదే అవుతుంది. తప్పు గణపతిదేవుడి దగ్గర, ఫిర్యాదు ప్రతాపరుద్రుడి దగ్గర. ఇక ప్రారంభ తెరపై చూపించాల్సిన రాణే ఉనికిలో లేనప్పుడు, దాని ప్రభావం పాత్రల ఫైలుతో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే మరో చోట బయటపడుతుంది.

వ్యవసాయ మోటారు స్టార్టర్ పదే పదే ట్రిప్ అవుతుంటే స్టార్టర్‌ను మార్చి ప్రయోజనం లేదని రైతులకు తెలుసు. షార్ట్ కేబుల్‌లోనో వైండింగ్‌లోనో ఉంటుంది. ఆట కూలిన తెర కూడా అలాంటి స్టార్టరే.

కూలే వేళ చెప్పే సంగతులు

లోడింగ్ దశలోనే, ప్రధాన మెనూ రాకముందే ఆట ఆగితే అనుమానించాల్సినవి పటం ఫైళ్లు, బిరుదుల నిర్వచనాలు, ఆట వెర్షన్‌కు సరిపోని మాడ్లు. ఈ రకం ఇబ్బందికరంగా కనిపించినా పరిశోధనకు అన్నిటికంటే సులువు; ప్రతి ప్రయత్నంలోనూ రెండు మూడు నిమిషాల్లో ఫలితం తెలిసిపోతుంది.

ఒక విండో తెరవగానే లేదా ఒక బటన్ నొక్కగానే ఆగితే, విండోల రూపాన్ని మార్చే మాడ్లను ముందుగా చూడాలి. ఆట అప్‌డేట్ అయినప్పుడు కొన్ని అంతర్గత ఆదేశాల పేర్లు మారతాయి, కొన్ని తొలగిపోతాయి. పాత వెర్షన్ కోసం రాసిన విండో ఫైలు ఆ తొలగిన ఆదేశాన్ని పిలుస్తూనే ఉంటుంది. ఆ విండో తెరవనంత వరకు అంతా బాగానే ఉన్నట్టు కనిపించడం వల్ల, వారసత్వ విండోను వారం తర్వాత తెరిచినవారు నిన్న చేర్చిన మాడ్‌ను నిందిస్తారు.

ఒకే తేదీకి ఆగడమే ఎక్కువ మందిని తికమక పెట్టే రకం. ఉదాహరణకు సేవ్‌ను (భద్రపరచిన ఆటను) ఎన్నిసార్లు తెరిచినా 1214 మార్చి దాటకుండానే ఆట మూసుకుపోతుంది. ఇది చేతబడిలా అనిపించినా, దీని వెనుక స్పష్టమైన యంత్రాంగం ఉంది. ఇలాంటి ఆటలను పలువురు కలిసి ఆడేటప్పుడు ప్రతి కంప్యూటర్ ప్రపంచాన్నంతటినీ విడిగా లెక్కగడుతుంది. అందరి దగ్గరా ఫలితం అక్షరాలా ఒకటిగా రావాలి. అందుకే యాదృచ్ఛికంగా కనిపించే నిర్ణయాలు కూడా ఒక బీజ సంఖ్య నుంచి లెక్క ప్రకారం పుడతాయి. ఆ స్థితి సేవ్‌లో భద్రమవుతుంది. ఆటగాడు వేరే పని ఏదీ చేయకపోతే, అదే సేవ్ నుంచి అదే రాజు అదే రోజు మరణిస్తాడు, అదే యుద్ధం అదే రోజు ముగుస్తుంది, అదే తప్పుడు సంఘటన అదే రోజు మొదలవుతుంది. అది ఆట పటంలో ఎక్కడో దూరాన ఉన్న రాజ్యంలో జరిగి ఉండవచ్చు. ఓరుగల్లు తెర మీద దాని ఆనవాలు ఏదీ ఉండదు.

తేదీ కచ్చితంగా పునరావృతం కావడం నిజానికి పరిశోధకుడికి అనుకూలాంశం. ఆటోసేవ్‌ను (ఆట తనంతట తాను భద్రపరచుకోవడాన్ని) నెలకోసారికి మార్చి, కూలే తేదీకి ముందరి నెల సేవ్‌ను పట్టుకొని, అతి తక్కువ వేగంలో నడిపితే సరిగ్గా ఏ రోజున ఆగుతుందో తెలుస్తుంది. ఆ రోజుల్లో వృద్ధాప్యంలోనో జబ్బులోనో ఉన్న పాలకులు, ముగింపుకు వచ్చిన యుద్ధాలు, జరుగుతున్న వేడుకలు అనుమానితులవుతాయి. ఆటను డీబగ్ మోడ్‌లో (తప్పులు వెతికే రీతిలో) తెరిస్తే కన్సోల్ (ఆదేశాలు టైపు చేసే పెట్టె) అందుబాటులోకి వస్తుంది. ఒక వృద్ధ పాలకుడిపై అనుమానం ఉంటే, కన్సోల్ ఆదేశంతో ఆ పాత్రను కొన్ని వారాలు ముందే మరణింపజేసి చూడవచ్చు. క్రాష్ కూడా ఆ ముందు తేదీకి జరిగిందంటే వారసత్వానికి సంబంధించిన మాడ్ దగ్గర వెతకాలి. జరగకపోతే ఆ పాలకుడు నిర్దోషి.

గంటో రెండు గంటలో ఆడాక, ఏ తేదీతోనూ పనితోనూ సంబంధం లేకుండా ఆగడం నాలుగో రకం. దీనిలో మాడ్ల పాత్ర ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు.

లాగ్ చెప్పేది, చెప్పనిది

విండోస్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ లోపల ఆటకు ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులోని లాగ్స్ ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్, క్రాషెస్ ఫోల్డర్‌లో కూలిన ప్రతిసారికీ తేదీ పేరుతో ఒక ఉప ఫోల్డర్ ఉంటాయి. ఆటను మళ్లీ తెరవగానే లాగ్స్ ఫోల్డర్‌లోని పాత లాగ్ చెరిగిపోయి కొత్తది మొదలవుతుంది. క్రాషెస్‌లోని నకలు మాత్రం మిగులుతుంది, పరిశోధనకు దాన్నే వాడాలి.

ఎర్రర్ లాగ్ తెరిచినవారు మొదట బెదిరిపోతారు, ఎందుకంటే వందల కొద్దీ తప్పులు కనిపిస్తాయి. వాటిలో అధిక భాగం హానిచేయనివి. మాడ్లు ఏవీ లేని మూల ఆట కూడా కొన్ని తప్పులను రాస్తుంది. కాబట్టి మాడ్లు లేకుండా ఒకసారి ఆటను నడిపి ఆ లాగ్‌ను పక్కన పెట్టుకొని, మాడ్లతో వచ్చిన లాగ్‌తో పోల్చడం అవసరం. రెండింటిలోనూ ఉన్న పంక్తులను వదిలేస్తే మిగిలేవి తక్కువ. స్క్రిప్ట్ తప్పు అయితే ఏ ఫైలు, ఎన్నో పంక్తి అన్నది కూడా అక్కడే ఉంటుంది, ఆ ఫైలు ఏ మాడ్‌లో ఉందో వెతికితే దాని యజమాని తెలుస్తాడు.

చివరి పంక్తే నేరస్థుడన్న నమ్మకం మాత్రం సరికాదు. ఆట ఒకేసారి అనేక పనులను సమాంతరంగా చేస్తుంటుంది. కూలడానికి క్షణం ముందు లాగ్‌లో చేరిన పంక్తి, అదే సమయంలో వేరే పనిలో వచ్చిన సాధారణ ఫిర్యాదు కావచ్చు. లాగ్ చివరి పంక్తిలో పేరు కనిపించిందన్న ఒక్క కారణంతో మాడ్‌ను తీసేయడం తొందరపాటు.

క్రాష్ ఫోల్డర్‌లోని ఎక్సెప్షన్ ఫైలులో ఎక్కువ భాగం సామాన్యులకు పనికిరాదు. ఫంక్షన్ పేరు అందుబాటులో లేదన్న వాక్యమే అందులో వరుసగా కనిపిస్తుంది. పైన ఉండే కోడ్‌ను మాత్రం చూడాలి. సి0000005 అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీ చిరునామాను తాకింది; లేని పాత్ర, లేని ప్రాంతం, పాడైన డ్రైవర్ ఏదైనా దీనికి కారణం కావచ్చు. సి00000ఎఫ్‌డి కనిపిస్తే వెతకాల్సిన పరిధి బాగా తగ్గుతుంది. ఒకదాన్నొకటి తక్షణం పిలుచుకునే రెండు సంఘటనల వంటి అంతులేని గొలుసు ఉన్నప్పుడు వచ్చే కోడ్ అది.

సగానికి సగం తీసే పద్ధతి

లాగ్ తేల్చనప్పుడు మిగిలేది మాడ్లను తీసి చూడటం. ఒక్కొక్కటిగా తీస్తే 40 మాడ్లకు 40 పరీక్షలు కావచ్చు. సగం తీసి చూస్తే, ఆ తర్వాత తప్పున్న సగంలో మళ్లీ సగం తీస్తే, 40 మాడ్లకైనా 6 పరీక్షలు సరిపోతాయి. ఇక్కడ పాటించాల్సిన నియమం ఒకటుంది: ఒకదానిపై ఆధారపడే మాడ్లను విడదీయకూడదు. రెండు మాడ్లను కలపడానికి రాసిన కాంప్యాచ్‌ను, ఆ రెండూ లేకుండా ఉంచితే అదే కొత్త క్రాష్‌కు కారణమై పరీక్షను పక్కదారి పట్టిస్తుంది.

రెండు సగాలూ విడివిడిగా బాగా నడిచి, కలిసినప్పుడు మాత్రమే కూలితే, దోషం ఒక మాడ్‌ది కాదు, ఒక జతది. అప్పుడు మొదటి సగాన్ని అలాగే ఉంచి, రెండో సగాన్ని సగాలుగా దానికి జోడించి చూడాలి. రెండో సగం నుంచి ఒక మాడ్ తేలాక, దాన్ని స్థిరంగా ఉంచి మొదటి సగంలో దాని జతగాడిని అదే తీరున వెతకాలి. దక్కన్ పటం మాడ్, కొత్త ప్రారంభ తేదీ మాడ్ కలిసినప్పుడు వచ్చే గొడవలు ఎక్కువగా ఈ జాతివే. జత తేలితే రెండింటి ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైలు కోసం చూడటంతో కారణం కూడా చాలాసార్లు దొరుకుతుంది.

ఈ పరీక్షలను నడుస్తున్న సేవ్ మీద చేయడంలో ఒక చిక్కు ఉంది. సేవ్‌లో మాడ్లు చేర్చిన చట్టాలు, భవనాలు, గుణాలు, బిరుదుల పేర్లు నిక్షిప్తమై ఉంటాయి. మాడ్‌ను తీసేస్తే ఆ పేర్లకు అర్థం పోతుంది. దానివల్లే కొత్తగా క్రాష్ రావచ్చు. రూపం, విండోలు మార్చే మాడ్లను సేవ్ మధ్యలో తీసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. పటం, చరిత్ర, చట్టాలు మార్చే మాడ్లకు కొత్త ఆట మొదలుపెట్టి, ఏ పాత్రనూ ఎంచుకోకుండా పరిశీలకుడిగా ఆటను గరిష్ఠ వేగంలో వదిలేయడం నమ్మకమైన మార్గం. అదే తేదీకి కూలకపోయినా, అదే జాతి సంఘటన పటంలో ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుంది.

ఎండ, కరెంటు, మెమరీ

నాలుగో రకం క్రాష్‌లకు ఉత్తర తెలంగాణ వేసవిని లెక్కలోకి తీసుకోక తప్పదు. మే నెలలో రామగుండం వైపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోయే రోజుల్లో, హాస్టల్ గదిలో పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌కు చల్లటి గాలి అందదు. వ్యూహ క్రీడలు బొమ్మల పరంగా తేలిగ్గా కనిపించినా, వేల పాత్రల నిర్ణయాలను లెక్కించే భారమంతా ప్రాసెసర్ మీద ఎడతెగకుండా పడుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే యంత్రాన్నే ఆపేస్తుంది.

ఈ రకాన్ని విడదీసే సాధనం విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్. కూలిన సమయానికి 1000 సంఖ్యతో అప్లికేషన్ ఎర్రర్ ఉంటే ఆట మాత్రమే పడిపోయింది. కెర్నల్ పవర్ పేరుతో 41 ఉంటే యంత్రమే సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది. కరెంటు, వేడి, పవర్ సప్లై వైపు చూడాలి. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించక మళ్లీ మొదలైంది. మాడ్ల జాబితాను తిరగేసే ముందు ఈ మూడు సంఖ్యలను చూడటానికి పట్టే సమయం ఐదు నిమిషాలు మించదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఆటోసేవ్ రాస్తున్న క్షణానే కరెంటు పోతే ఆ సేవ్ సగమే మిగులుతుంది; తర్వాత దాన్ని తెరిచినప్పుడల్లా కూలడాన్ని మాడ్ దోషమని పొరబడటం సులువు.

8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో బ్రౌజర్‌ను తెరిచే ఉంచి, భారీ మాడ్లతో ఆడితే మెమరీ నిండుతుంది. అప్పుడు విండోస్ డిస్కును ఆసరాగా వాడుకుంటుంది. సి డ్రైవ్‌లో ఖాళీ లేకపోయినా, డిస్కులోని ఆ ఆసరా ఫైలైన పేజ్‌ఫైల్‌ను ఎవరైనా ఆపేసి ఉన్నా, మెమరీ అడిగిన ఆటకు దొరకక అది మూసుకుపోతుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ సేవ వన్‌డ్రైవ్ తన అధీనంలోకి తీసుకున్నప్పుడు సేవ్‌లు, మాడ్ల జాబితా సరిగా రాయబడకపోవడం ఇంకో తెలిసిన ఇబ్బంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో అధిక వోల్టేజీ వల్ల అస్థిరత ఏర్పడి, దానికి 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు రావడం కూడా గుర్తుంచుకోదగినది. అటువంటి యంత్రంలో ఏ ఆటైనా కూలవచ్చు. మాడ్లు లేని వేరే ఆట కూడా కూలుతోందా అన్నది చూస్తే సరిపోతుంది.

రీఇన్‌స్టాల్ ఎందుకు పనిచేయదు

ఆటను తీసేసి మళ్లీ వేయమన్నది ఎక్కువగా వినిపించే సలహా, తక్కువగా పనిచేసే సలహా. ఆటను తీసేసినా డాక్యుమెంట్స్‌లోని ఫోల్డర్ అలాగే ఉంటుంది. పాత సేవ్‌లు, సొంతంగా పెట్టిన మాడ్లు, షేడర్ల (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రామ్‌ల) నిల్వ అన్నీ తిరిగి అదే ఆటకు అందుతాయి. ఆటలు కొని దించుకునే స్టీమ్‌లో ఫైళ్లను సరిచూసే సౌకర్యం కూడా ఆట మూల ఫైళ్లనే చూస్తుంది, మాడ్లను కాదు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే విద్యార్థికి ఆ డౌన్‌లోడ్ రోజుల పని. దాని బదులు డాక్యుమెంట్స్‌లోని ఆట ఫోల్డర్ పేరు మార్చి ఆటను తెరిస్తే, ఆట తనకు తానుగా కొత్త ఫోల్డర్‌ను సృష్టించుకుంటుంది. పాతది చెక్కుచెదరకుండా పక్కన ఉంటుంది.

పాత ఆటల లెక్క వేరు

2006 నాటి మెడీవల్ 2 టోటల్ వార్‌కు ఇప్పటికీ మాడ్లు వేసుకొని ఆడేవారున్నారు. అందులో పై సూత్రాలు కొన్ని తలకిందులవుతాయి. అది 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి యంత్రంలో 16 జీబీ ఉన్నా మామూలుగా 2 జీబీ పరిధిలోనే నడుస్తుంది. పెద్ద చిరునామాలను వాడుకునేలా ప్రోగ్రామ్ ఫైలును సవరిస్తే ఆ పరిధి 4 జీబీ అవుతుంది. కొత్త ర్యామ్ కొనడం వల్ల ఇక్కడ ఒరిగేది లేదు. క్రాష్ అయినప్పుడు అది కారణం తెలియని తప్పు జరిగిందన్న ఒక్క సందేశమిచ్చి మూసుకుపోతుంది. అయితే కాన్ఫిగరేషన్ ఫైలులో లాగ్ స్థాయిని ట్రేస్‌కు పెంచితే, మొదలయ్యేటప్పుడు ఫైళ్లను ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ రాసుకుంటూ పోతుంది. అందువల్ల ఆ దశలో ఆగిపోతే, ఇందులో లాగ్ చివరి పంక్తులే సరైన చోటును చూపుతాయి. పటంలో మార్పు చేశాక ఆట లోగడ తయారుచేసి పెట్టుకున్న పటం ఫైలును తొలగించకపోతే పాత పటమే నడుస్తూ ఉంటుంది. తొలగిస్తే కొత్తగా తయారు చేసుకుంటుంది.

అప్‌డేట్‌ల ఒత్తిడి

పునరావృతమయ్యే క్రాష్‌లు ఎక్కువగా ఆట కొత్త వెర్షన్ వచ్చిన వారాల్లోనే గుప్పుమంటాయి. 2025 అక్టోబరులో క్రూసేడర్ కింగ్స్ 3 పటం తూర్పు ఆసియా దాకా విస్తరించింది. ఆ స్థాయి మార్పు పటం మాడ్లన్నిటినీ ఒక్క రోజులో పాతబడేలా చేస్తుంది. స్వచ్ఛందంగా, తీరిక వేళల్లో పనిచేసే మాడ్ కర్తలు ఒకరు వారంలో, ఒకరు నెలల్లో సవరణలు ఇస్తారు. ఈ మధ్యకాలంలో ప్లేసెట్‌లో సగం మాడ్లు కొత్త వెర్షన్‌వి, సగం పాతవి. లాంచర్ (ఆటకు ముందు తెరుచుకునే ప్రోగ్రామ్) చూపే హెచ్చరిక, మాడ్ కర్త వివరాల ఫైలులో రాసిన వెర్షన్ సంఖ్యను మాత్రమే చూసి వస్తుంది. ఆ సంఖ్యను మార్చినంత మాత్రాన లోపలి ఫైళ్లు కొత్తవి కావు, మార్చనంత మాత్రాన మాడ్ పనిచేయకుండానూ పోదు.

స్టీమ్‌లో ఆట లక్షణాల్లోని బీటాల విభాగం నుంచి ఆటను పాత వెర్షన్‌కు వెనక్కి తీసుకుపోవచ్చు. స్టీమ్‌లో మాడ్లు దొరికే వర్క్‌షాప్ నుంచి దించుకున్న మాడ్లు మాత్రం సాధారణంగా కర్త తాజాగా పెట్టిన ప్రతికే మారిపోతాయి, దీనితో ఆట పాతది, మాడ్లు కొత్తవి అన్న విపర్యాసం ఏర్పడుతుంది. దీర్ఘకాలం సాగే ఆటను మొదలుపెట్టేవారు ముందుగా మాడ్ల ఫోల్డర్లను వర్క్‌షాప్ నుంచి డాక్యుమెంట్స్‌లోని మాడ్ ఫోల్డర్‌కు నకలు చేసుకొని, ఆ నకళ్లతోనే ప్లేసెట్ కూర్చుకుంటే, ఆట వెర్షన్‌ను బీటాల విభాగంలో స్థిరపరిస్తే, అనుకోని అప్‌డేట్ వల్ల సేవ్ చెడిపోదు. మాడ్ కర్తకు ఫిర్యాదు పంపేటప్పుడు కూడా ఆట వెర్షన్, మాడ్ల వరుస, క్రాష్ ఫోల్డర్‌లోని లాగ్, కూలే తేదీకి ముందరి నెల సేవ్ జతచేస్తే కర్త అదే క్రాష్‌ను తన యంత్రంలో రప్పించుకోగలడు. ఇవి లేకుండా కూలిపోతోందని మాత్రం రాస్తే కర్త చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.